ముద్దుమాట, తప్పుమాట: ప్రథమభాషగా, ద్వితీయభాషగా ఇంగ్లీషు – ఒక నైతిక పరిశీలన

శోధసారాంశం

ఒక భాషను తొలిభాషగా పొందడానికీ, మలిభాషగా నేర్చుకోవడానికీ మధ్య ఉన్న భేదాన్ని భాషాశాస్త్రం చాలాకాలంగా చర్చిస్తూ ఉంది. ఆ భేదంలో ఒక నైతిక ప్రశ్న ఇమిడి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తొలిభాషలో పిల్లలు చేసే తప్పును పెద్దలు ముద్దుమాటగా స్వీకరిస్తారు. మలిభాషలో చేసే తప్పు వారి తెలివికి కొలబద్ద అవుతుంది. ఈ రెండు స్థితులను వేరుచేసి చూడని బోధనవిధానం పిల్లల పట్ల అన్యాయానికి దారితీస్తుంది. సత్తెనపల్లి ప్రాంత భాషాపరిసరాన్ని ఆధారంగా తీసుకొని, భారతీయ శబ్దార్థమీమాంసలోని శక్తిగ్రహ చర్చనూ, ఆంధ్రప్రదేశ్‌లో బోధనమాధ్యమంపై 2019 నుంచి సాగిన వివాదాన్నీ జోడించి ఈ ప్రతిపాదనను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: ప్రథమభాష, ద్వితీయభాష, శక్తిగ్రహం, వృద్ధవ్యవహారం, బోధనమాధ్యమం, సత్తెనపల్లి.

1. ప్రస్తావన

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి విద్యార్థికి పరీక్షపత్రాల లెక్కలో తెలుగు ప్రథమభాష, హిందీ ద్వితీయభాష, ఇంగ్లీషు తృతీయభాష. ఆ పరీక్షలు రాసి, వేసవి సెలవులు గడిపి జూనియర్ కళాశాలలో చేరేసరికి ఇంగ్లీషు మొదటి భాగంలోకి వస్తుంది. తెలుగు రెండో భాగంలోకి జరిగి, సంస్కృతంతోనో హిందీతోనో పోటీపడే ద్వితీయభాష అవుతుంది. మార్కులు సులువుగా వస్తాయని సంస్కృతం తీసుకొన్నవారికి తెలుగు ఆ లెక్కలోనే ఉండదు. ఈ రెండు నెలల్లో ఆ విద్యార్థి నాలుక మారలేదు, కలలు కనే భాష మారలేదు, కోపం వచ్చినప్పుడు నోటికి వచ్చే మాటా మారలేదు. మారినది వరుససంఖ్య ఒక్కటే.

ఈ వరుససంఖ్య కార్యాలయ వ్యవహారానికి పనికివస్తుంది తప్ప, భాషకూ మనిషికీ ఉన్న సంబంధాన్ని తెలియజెప్పదు. ప్రథమ, ద్వితీయ అనే మాటలను ఈ వ్యాసం ఆ సంబంధాన్ని ఉద్దేశించే వాడుతుంది. ఏ భాషతో పాటు లోకం పరిచయమైందో అది ప్రథమభాష. లోకం పరిచయమైన తరువాత, ఆ లోకానికే మరొక పేరుగా వచ్చినది ద్వితీయభాష. ఈ భేదాన్ని అంగీకరిస్తే ఒక ప్రశ్న తప్పదు. ద్వితీయభాషా స్థితిలో ఉన్న పిల్లల నుంచి ప్రథమభాషా ఫలితాన్ని కోరడం న్యాయమా? కోరి, అది రానప్పుడు లోపాన్ని వారి బుద్ధికి అంటగట్టడం న్యాయమా?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి సత్తెనపల్లిని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. గుంటూరు–మాచర్ల రైలుమార్గంలో, పత్తి, మిర్చి పండే నేలమధ్య ఉన్న ఈ పట్టణం 2022 నుంచి పల్నాడు జిల్లాలో భాగం. తెలుగును పాలనాభాషగా నిలబెట్టడానికి జీవితాంతం శ్రమించిన వావిలాల గోపాలకృష్ణయ్య ఇక్కడివారు. ఈ తాలూకాలోని వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఐర్లండులో బారిస్టరు చదువు చదివి వచ్చి, ఈ ప్రాంతపు పలుకుబడితో ‘మాలపల్లి’ రాశారు. తెలుగు కోసం పోరాడినవారూ, ఇంగ్లీషుతో ఎదిగినవారూ, ఇంగ్లీషు కోసం నేడు బిడ్డలను బస్సెక్కించి పంపుతున్నవారూ ఒకే నేలపై కనిపిస్తారు.

2. శక్తిగ్రహానికి రెండు దారులు

పదానికి అర్థంతో ఉన్న సంబంధాన్ని మన శాస్త్రకారులు శక్తి అన్నారు. ఆ శక్తిని మనిషి ఎలా గ్రహిస్తాడన్న ప్రశ్నకు నైయాయికులు ఎనిమిది ఉపాయాలు చెప్పారు: వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివరణం, సిద్ధపద సాన్నిధ్యం. ఈ జాబితాను మన ప్రశ్న దృష్టితో చదివితే ఒక విషయం స్ఫురిస్తుంది. ఇందులో ఏడు ఉపాయాలు ఏదో ఒక మేరకు భాష తెలిసినవారికే పనికివస్తాయి. నిఘంటువు తెరవాలంటే అందులోని వివరణ అర్థం కావాలి. ఆప్తుడు చెప్పిన మాట గ్రహించాలంటే ఆ మాటలు తెలిసి ఉండాలి. ఏ భాషా తెలియని శిశువుకు అందుబాటులో ఉన్నది వ్యవహారం ఒక్కటే.

వ్యవహారం ద్వారా శక్తిగ్రహం జరిగే తీరును మీమాంసకులు ప్రసిద్ధమైన ఉదాహరణతో వివరించారు. ఒక పెద్ద మరొకరిని ఆవును తీసుకురమ్మంటాడు. అతడు తీసుకువస్తాడు. పక్కనున్న బాలుడు చూస్తాడు. మరొకసారి ఆవును కట్టమంటాడు, ఇంకొకసారి గుర్రాన్ని తీసుకురమ్మంటాడు. ఒక మాట చేరినప్పుడూ, ఒక మాట తొలగినప్పుడూ చేష్టలో వచ్చిన మార్పును గమనించి బాలుడు ఏ మాట దేనికి చెందుతుందో తేల్చుకొంటాడు. దీనినే ఆవాపోద్వాపాలు అన్నారు.

ఈ ఉదాహరణను సత్తెనపల్లి నేలకు తెచ్చుకోవడం కష్టం కాదు. మిర్చి కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నాయనమ్మ కోడలితో ‘అమ్మాయ్, తాలుకాయలేరి అవతల పొయ్యి’ అంటుంది. రంగు పోయి తెల్లబారిన కాయలు పక్క కుప్పలోకి వెళతాయి. చివర మంచికాయ టిక్కీల్లోకి వెళుతుంది. తల్లి పక్కన కూర్చున్న నాలుగేళ్ల పిల్లకు ‘తాలు’ అంటే ఏమిటో ఎవరూ నిర్వచించరు. అయినా ఆ పూట ముగిసేసరికి మాట వచ్చేస్తుంది. మాటతో పాటు తాలుకాయకు ధర తక్కువన్న సంగతీ, దాన్ని చూసి నాయనమ్మ ముఖం చిట్లించిన సంగతీ వస్తాయి. ప్రథమభాషలో పదం తన విలువను, స్మృతిని వెంటబెట్టుకొని వస్తుంది.

అదే పిల్ల బడిలో ఆవు బొమ్మ కింద ‘కౌ’ అని చదివినప్పుడు జరిగేది వేరు. ఆవు ఆమెకు ముందే తెలుసు. దాని వాసన, పొదుగు, తోకదెబ్బ తెలుసు. ‘కౌ’ అన్న శబ్దాన్ని ఆమె నేరుగా ఆవుకు ముడివేయడం లేదు, ‘ఆవు’ అన్న మాటకు ముడివేస్తోంది. ఇది కోశమార్గం. పాశ్చాత్య తత్త్వచింతనలోనూ ఈ భేదం చర్చకు వచ్చింది. విట్‌గెన్‌స్టయిన్ 1953లో వెలువడిన తన ‘ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్’ గ్రంథాన్ని సెయింట్ అగస్టీన్ తన బాల్యంలో మాటలు నేర్చిన తీరును చెప్పిన భాగంతో ప్రారంభిస్తాడు. అగస్టీన్ వర్ణించిన శిశువు, ఒక భాష ముందే తెలిసి పరాయి దేశానికి వచ్చిన మనిషిలా ఉన్నాడని అతని అభ్యంతరం. మరోవిధంగా చెప్పాలంటే, ద్వితీయభాష నేర్చే తీరును అగస్టీన్ ప్రథమభాషకు ఆపాదించాడు. మన విద్యావిధానం దీనికి తలకిందులైన పొరపాటు చేస్తోంది. ప్రథమభాష వచ్చే తీరును ద్వితీయభాషకు ఆపాదించి, చెవిన పడితే చాలు అదే వస్తుందని నమ్ముతోంది.

3. వరుస కన్న పరిసరం ప్రధానం

ద్వితీయభాష ఎప్పుడూ కోశమార్గంలోనే వస్తుందా అన్న సందేహానికి సత్తెనపల్లి పరిసరాలే సమాధానమిస్తాయి. పల్నాటి తండాలలోని సుగాలీ పిల్లలకు తొలిభాష లంబాడీ. పట్టణంలోని అనేక ముస్లిం కుటుంబాలలో తొలిభాష ఉర్దూ. ఈ పిల్లలకు తెలుగు ద్వితీయభాషే. కానీ వారికి తెలుగు నిఘంటువు ద్వారా రాలేదు. పత్తి తీతలో, కిరాణా కొట్టులో, బస్టాండులో, ఆటలో వచ్చింది. వ్యవహారం ఉంటే రెండో భాష కూడా మొదటి భాష వచ్చిన దారిలోనే వస్తుంది. కాబట్టి నిర్ణాయకమైనది భాష ఎన్నోది అన్న వరుస కన్న, ఆ భాష చుట్టూ పని, ఆట, తగవు, బుజ్జగింపు ఉన్నాయా లేవా అన్నదే.

ఇంగ్లీషుకు ఈ పరిసరం ఇక్కడ లేదు. దేశం మొత్తం మీదా అంతే. 2011 జనగణనలో ఇంగ్లీషును మాతృభాషగా పేర్కొన్నవారు సుమారు 2.6 లక్షలు. రెండో భాషగా పేర్కొన్నవారు 8 కోట్లకు పైబడి ఉన్నారు. తెలుగును మాతృభాషగా చెప్పినవారు దాదాపు 8.1 కోట్లు. భారతదేశంలో ఇంగ్లీషు ప్రధానంగా ద్వితీయభాషగానే జీవిస్తోందని ఈ సంఖ్యలు చెబుతున్నాయి.

అయితే ఇంగ్లీషు మాటలు లేవని కాదు. బస్సు, కారు, రోడ్డు, మోటారు, కరెంటు సత్తెనపల్లి పిల్లలకు వ్యవహారం ద్వారా వచ్చిన ప్రథమభాషాపదాలే. అజంతమైన తెలుగు స్వభావానికి అనుగుణంగా చివర అచ్చు చేర్చుకొని అవి ఇంటిమాటలయ్యాయి. బడిలో ఉపాధ్యాయుడు ‘బస్సు’ను ‘బస్’గా దిద్దినప్పుడు పిల్లలకు సొంతమైన ఒక మాట మొదటిసారి పరాయిదై, తప్పు కాగల మాటగా తిరిగివస్తుంది. ఒకే పదం ఇంటి గడప లోపల ప్రథమభాష, బడి గడప లోపల ద్వితీయభాష అవుతున్న సందర్భమిది.

‘చిన్నప్పుడే మొదలుపెడితే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది’ అన్న తల్లిదండ్రుల విశ్వాసానికి శాస్త్రీయాధారం కొంత ఉంది. భాషార్జనకు అనుకూలమైన వయోదశ ఒకటి ఉందని ఎరిక్ లెన్నెబర్గ్ 1967లో ప్రతిపాదించాడు. కానీ ఆ అనుకూలత భాష పుష్కలంగా చెవినపడే పరిసరంలో పనిచేసేది. బార్సెలోనాలో కార్మెన్ మున్యోజ్ బృందం తరగతిగదిలో మాత్రమే ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లలను పరిశీలించింది. బోధనగంటలు సమానంగా ఉన్నప్పుడు ఆలస్యంగా మొదలుపెట్టిన పెద్దపిల్లలే ముందంజలో ఉన్నట్లు ఆ పరిశీలనలో తేలింది. కెనడాలో వలస కుటుంబాల పిల్లలపై పనిచేసిన జిమ్ కమిన్స్ సంభాషణకు పనికివచ్చే భాషనూ, చదువుకు పనికివచ్చే భాషనూ వేరుచేసి చూపాడు. మొదటిది రెండేళ్లలో వచ్చినా, రెండోది తోటిపిల్లల స్థాయికి చేరడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని వివరించాడు. అది వీధినిండా ఇంగ్లీషు ఉన్న దేశపు సంగతి. వీధిలో ఇంగ్లీషు లేని ఊరిలో అంతకంటె తక్కువ కాలంలో అది రావాలని ఆశించడం ఏ సిద్ధాంతమూ సమర్థించని ఆశ.

4. తప్పుకు చెల్లించే మూల్యం

ఇంతవరకు చెప్పినది వాస్తవభేదం. నైతికభేదం తప్పు దగ్గర మొదలవుతుంది.

ప్రథమభాష నేర్చే శిశువు తప్పులు చేయకుండా నేర్వదు. ‘అన్నం’ అనలేక ‘అమ్మం’ అంటే ఇల్లంతా సంబరపడుతుంది. పెద్దలు తామూ ‘అమ్మం’ అని శిశువు మాటను అనుకరిస్తారు. తప్పుకు శిక్ష లేకపోవడమే కాదు, తప్పు పెద్దల భాషనే కాసేపు మార్చగలుగుతుంది. ‘ముద్దుమాట’ అన్న పదం తెలుగులో ఉండడమే ఈ నైతిక సంబంధానికి నిదర్శనం. ప్రథమభాష ఒక హక్కుగా వస్తుంది. తప్పు చేసినంత మాత్రాన ఆ హక్కు రద్దు కాదు.

ద్వితీయభాషకు ముద్దుమాట వంటి పదం లేదు. ఉన్నది ‘తప్పు’ మాత్రమే. అయితే ఈ తప్పు బరువు కూడా అందరికీ ఒకటి కాదు. ఒకే తాతకు మనవలైన ఇద్దరు పిల్లలను ఊహించుకొందాం. ఒకడు అమెరికాలో పుట్టాడు. ఇంగ్లీషు అతనికి శిశువిహారంలో, ఆటస్థలంలో వ్యవహారం ద్వారా వచ్చింది. తెలుగును సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి వంటి వారాంతపు తరగతిలో పుస్తకం ద్వారా నేర్చుకొంటున్నాడు. రెండోవాడు సత్తెనపల్లిలో ఉన్నాడు. అతనికి తెలుగు కల్లంలో వచ్చింది, ఇంగ్లీషు పుస్తకం ద్వారా వస్తోంది. చలి వేసినప్పుడు మొదటివాడు ఫోనులో తాతతో ‘నేను చలిగా ఉన్నాను’ అంటాడు. రెండోవాడు తరగతిలో ‘టు మీ కోల్డ్ ఈజ్’ అంటాడు. ఇద్దరూ చేసిన పని ఒకటే. తెలుగులో చలి మనిషికి ‘కు’ విభక్తితో తగులుతుంది. ఇంగ్లీషులో మనిషే వాక్యానికి కర్త అవుతాడు. తన తొలిభాష కట్టుబడిని మలిభాషలోకి ఇద్దరూ నిజాయతీగా మోసుకువెళ్లారు. ఈ తప్పు భాషాజ్ఞానం లేనివారు చేయగలిగిన తప్పు కాదు. ఒక భాష గట్టిగా వచ్చినవారే చేయగలరు.

ఫలితాలు మాత్రం వేరు. మొదటివాడి తప్పుకు తాత మురిసిపోతాడు, పరాయిదేశంలో ఉండి ఆ మాత్రమైనా మాట్లాడుతున్నాడని పదిమందికి చెప్పుకొంటాడు. లెక్కల్లోనో సైన్సులోనో అతని మార్కులపై ఆ తప్పు నీడ పడదు. రెండోవాడి తప్పు అతని లెక్కలకూ, సైన్సుకూ, చివరకు అతని గౌరవానికీ అడ్డుపడుతుంది. కిరణజన్యసంయోగక్రియ అర్థమై ఉండి కూడా ఇంగ్లీషు వాక్యం కుదరక మౌనంగా నిలబడిన పిల్లవాడు అర్థంకానివాడిగా లెక్కకు వస్తాడు. ద్వితీయభాషలో వైఫల్యం ఒకరికి ఆటలో ఓటమి, మరొకరికి జీవితంలో ఓటమి. ఈ అసమానత భాషల స్వభావంలో లేదు. మనం పెట్టుకొన్న ఏర్పాటులో ఉంది. కనుకనే అది నైతిక బాధ్యతకు లోబడుతుంది.

ఈ ఏర్పాటు హద్దుమీరితే ఏమవుతుందో తెలుగునాట కనిపించింది. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక పాఠశాలలో, తెలుగులో మాట్లాడినందుకు పిల్లల మెడలో ఇకపై తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలు వేలాడదీశారు. పందొమ్మిదో శతాబ్దంలో వేల్స్ పాఠశాలల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క తగిలించేవారు. కెన్యాలో తన బాల్యంలో గికుయు మాట్లాడినవారికి జరిగిన ఇటువంటి అవమానాన్ని న్‌గూగీ వా థియాంగో 1986 నాటి ‘డీకొలనైజింగ్ ది మైండ్’లో నమోదు చేశాడు. మూడు చోట్లా శిక్షకు గురైనది ఇంగ్లీషులోని తప్పు కూడా కాదు, ప్రథమభాష ఉండడమే.

దీనికి మరో పార్శ్వాన్ని గురజాడ ముందే పట్టుకొన్నారు. ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడి చూపిస్తారు. వారు పలికే వాక్యాలకు పరస్పరసంబంధం లేదు. అయినా తల్లి మనసు నిండుతుంది. ఆ ఘట్టాన్ని హాస్యంగా చదవడం మనకు అలవాటు. వెంకమ్మ వైపు నుంచి చూస్తే అందులో విషాదం ఉంది. తన బిడ్డ నేర్చినది విద్యో వట్టి శబ్దమో తేల్చుకొనే సాధనం ఆమె చేతిలో లేదు. ఈనాడు ఫీజు కట్టి బిడ్డ ఇంగ్లీషు పద్యం అప్పజెబితే పొంగిపోయే తల్లి స్థితీ అదే. ఆమె ఆశను ఎగతాళి చేయడం సులువు. ఆ ఆశతో వ్యాపారం చేసే గిరీశాలను ప్రశ్నించడం అవసరం.

5. ద్వితీయభాష ఇచ్చే ప్రత్యేక జ్ఞానం

ద్వితీయభాషాభ్యాసం ప్రథమభాషార్జనకు దిగువమెట్టు అనుకోవడమూ పొరపాటే. దానికి తనదైన జ్ఞానం ఉంది. 1798లో కలకత్తాలో పుట్టిన సి.పి. బ్రౌన్‌కు తెలుగు ఉద్యోగార్థం నేర్చిన భాష. అతడు తెలుగువాడు కాలేదు. కానీ 1852లో వెలువడిన అతని నిఘంటువును తెలుగువారు నేటికీ తెరుస్తున్నారు. తెలుగు సహజంగా వచ్చినవారికి అడగాలని తోచని ప్రశ్నలు అతనికి తోచాయి. ‘మనం’, ‘మేము’ అనే మాటల భేదాన్ని తెలుగు పిల్లలు ఎన్నడూ తప్పరు, కానీ వివరించమంటే తడబడతారు. పరాయివాడు తప్పుతాడు, తప్పినందువల్ల వివరించగలుగుతాడు.

ఉన్నవ జీవితం మరొక పాఠం చెబుతుంది. ఇంగ్లీషులో న్యాయశాస్త్రం చదివిన చదువు ఆయన తెలుగును పలచబరచలేదు. ఆయన రాసిన నవల ఈ ప్రాంతపు శ్రామికుల మాటకు సాహిత్యగౌరవం ఇచ్చింది. గట్టిపడిన ప్రథమభాషపై నిలిచిన ద్వితీయభాష మనిషిని విస్తరింపజేస్తుంది. నేల లేకుండా వేసిన రెండో అంతస్తు కూలడానికి కారణం ఆ అంతస్తు కాదు.

ఈ జ్ఞానాన్ని తరగతిగదిలో వాడుకోవచ్చు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘వచ్చిన అబ్బాయి’ అనడానికి తెలుగుకు సంబంధార్థక సర్వనామం అవసరం లేదు. ‘ఎ’, ‘ది’ వంటి ఉపపదాలు తెలుగులో లేవు. ఈ భేదాలను తెలుగులోనే వివరించి చెబితే పిల్లలు తమ తప్పును తెలివితక్కువగా కాక, రెండు భాషల మధ్యనున్న దూరంగా అర్థం చేసుకొంటారు. తెలుగు రానీయకుండా ఇంగ్లీషు నేర్పడమంటే ఈ వివరణకు ఉన్న ఏకైక సాధనాన్ని లాక్కోవడమే.

6. విధానం, ఎంపిక

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 సంఖ్యల ఉత్తర్వుల ద్వారా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టాలని నిర్ణయించింది. తెలుగు లేదా ఉర్దూ తప్పనిసరి విషయంగా ఉంటుందని పేర్కొంది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. తరువాత తల్లిదండ్రుల అభీష్టాన్ని సేకరించగా 96 శాతానికి పైగా ఇంగ్లీషు మాధ్యమాన్నే కోరుకొన్నారని ప్రభుత్వం ప్రకటించింది. 2009 విద్యాహక్కు చట్టం, సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. కర్ణాటకకు సంబంధించిన వివాదంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014లో, పిల్లల మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులేనని, ప్రభుత్వం దానిని బలవంతంగా విధించజాలదని తీర్పు చెప్పింది.

చట్టం దృష్టిలో ఎంపిక తల్లిదండ్రులది. కాని ఎంపికకు వాస్తవాన్ని మార్చే శక్తి లేదు. తండ్రి ఇంగ్లీషును ఎంచుకోగలడు, కల్లంలో వ్యవహారాన్ని ఇంగ్లీషులోకి మార్చలేడు. ఈ వాస్తవాన్ని విధానకర్తలు సైతం ఆచరణలో ఒప్పుకొన్నారు. 2020–21 నుంచి ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. 2023లో పాఠశాల పిల్లలకు టోఫెల్ శిక్షణ కోసం ఒప్పందం కుదిరింది. టోఫెల్ అన్న పేరులోనే ఇంగ్లీషు పరాయిభాష అన్న అర్థం ఉంది. పాఠాలన్నిటికీ మాధ్యమమైన భాషనే పరాయిభాషగా పరీక్షించడంలో వైరుధ్యం స్పష్టం. ద్విభాషా పుస్తకం మాత్రం మంచి ఆలోచన. పిల్లల చూపు రెండు పుటల మధ్య తిరగడం నేరంగా చూడని తరగతిగది ఉంటేనే ఆ పుస్తకం ఫలిస్తుంది.

7. ప్రతివాదం

ఇంగ్లీషు మాధ్యమాన్ని సమర్థించేవారి వాదనలో అత్యంత బలమైనది భాషాశాస్త్రానికి సంబంధించినది కాదు, సామాజిక న్యాయానికి సంబంధించినది. పేదల పిల్లలకు మాతృభాషను బోధించే పెద్దలు తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపుతున్నారని కంచ ఐలయ్య వంటి ఆలోచనాపరులు ఎత్తిచూపారు. ఈ విమర్శ తెలుగు శాఖలలో పనిచేసేవారికి నేరుగా తగులుతుంది. దానికి రెండో కొస కూడా ఉంది. పుస్తకాల తెలుగు అందరికీ ప్రథమభాష కాదు. చిన్నయసూరి 1858లో సూత్రీకరించిన భాష అతని కాలంలోనే చాలామందికి కోశమార్గంలో వచ్చిన భాష. గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం చేసిన పోరాటాన్ని ఈ కోణంలో చూస్తే అది పిల్లల ప్రథమభాషా హక్కు కోసం చేసిన పోరాటమే. సవర భాష నేర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు సిద్ధంచేసిన వ్యక్తి ఆయనే కావడం యాదృచ్ఛికం కాదు. నేటి సుగాలీ పిల్లలకు ‘మీ మాతృభాష తెలుగు’ అని చెప్పే పాఠ్యపుస్తకం, మనం ఇంగ్లీషుపై చేసే ఫిర్యాదునే వారిచేత మనపై చేయిస్తుంది.

ఈ ప్రతివాదాన్ని కాదనలేం. కానీ అది చూపే గమ్యం ఇంగ్లీషు మాధ్యమమేనా అన్నది పరిశీలించాలి. సంపన్నుల పిల్లలకు ఇంగ్లీషు బడి ఒక్కటే ఇవ్వడం లేదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పెద్దలు, పుస్తకాలు, ప్రయాణాలు కలిసి వారికి వ్యవహారాన్ని సృష్టించి ఇస్తున్నాయి. పేదల పిల్లలకు మాధ్యమాన్ని మాత్రమే ఇచ్చి వ్యవహారాన్ని ఇవ్వకపోతే, తాళం ఇచ్చి తాళంచెవి దాచినట్లే. తన పిల్లలకు వద్దనుకొన్నదాన్ని ఇతరుల పిల్లలకు విధించరాదన్న సూత్రం తెలుగు మాధ్యమ వాదులకు ఎంత వర్తిస్తుందో, ఏ ఆలంబనా లేని ఇంగ్లీషు మాధ్యమాన్ని ఆదేశించేవారికీ అంతే వర్తిస్తుంది.

వావిలాల కృషిని కూడా ఇక్కడ సరిగా గుర్తుంచుకోవాలి. సత్తెనపల్లి నుంచి నాలుగు పర్యాయాలు శాసనసభకు ఎన్నికైన ఆయన, 1966 నాటి అధికారభాషా చట్టం తరువాత ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులుగా పనిచేశారు. తెలుగు కాగితాలపైకి రావాలని ఆయన కోరినది భాషాభిమానంతో మాత్రమే కాదు. కచేరీకి వచ్చిన రైతు తన అర్జీ తానే చదువుకోగలగాలన్నది ఆ ఉద్యమం వెనుక ఉన్న న్యాయం. ఆ న్యాయాన్నే తరగతిగదికి వర్తింపజేస్తే, తనకు ఏమి తెలుసో పిల్లలు తమ మాటలో చెప్పుకోగలగాలి.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఇంగ్లీషు తెలుగు పిల్లలకు అందవలసిన సంపదే. దానిని నిరాకరించే అధికారం భాషాభిమానానికి లేదు. రెండు, అది వారికి ద్వితీయభాషగానే అందుతుంది. ఆ వాస్తవాన్ని గుర్తించి శిక్షితులైన ఉపాధ్యాయులను, వినడానికి మాటను, చదవడానికి తేలికైన పుస్తకాలను సమకూర్చడం ప్రభుత్వ ధర్మం. మూడు, విషయజ్ఞానాన్ని పరీక్షించేటప్పుడు ఇంగ్లీషులోని తప్పును లెక్కలోకి తీసుకోని ఏర్పాటు కావాలి. ప్రశ్నకు తెలుగులోనో, రెండు భాషలు కలిపో సమాధానం చెప్పే వెసులుబాటు ప్రాథమిక దశలోనైనా ఉండాలి.

తెలుగు శాఖలకూ ఇందులో పని ఉంది. తెలుగు పిల్లలు ఇంగ్లీషులో చేసే తప్పులకు తెలుగు వ్యాకరణంలో ఉన్న కారణాలను వివరించగలవారు మనమే. ఆ వివరణను ప్రాథమిక ఉపాధ్యాయుడి చేతికి అందే పుస్తకంగా రాయడం, లంబాడీ, ఉర్దూ తొలిభాషలుగా గల పిల్లలకు తెలుగును ద్వితీయభాషగా ఎలా నేర్పాలో ఆలోచించడం మన పరిశోధనలో భాగం కావాలి. ఇంగ్లీషును ఎదిరించడం కన్న ఇది కష్టమైన పని. భాష నేర్చుకొనే పిల్లలెవరైనా తప్పు మాట్లాడుతూనే నేర్చుకొంటారు. తొలిభాషలో మనమంతా అనుభవించిన ఆ వెసులుబాటును మలిభాషలో వారికి ఇవ్వగలిగితే, ఏ మాధ్యమమన్న వివాదంలోని సగం వేడి చల్లారుతుంది.